షుగరు మందులు: మెడికల్ షాపూ ఫ్యామిలీ డాక్టరూ కలిసి పనిచేయడం ఎలా

షుగరున్న మనిషి డాక్టరు దగ్గరికి మూడు నెలలకోసారి వెళ్తాడు, బద్ధకిస్తే ఆరు నెలలకు. మందుల షాపుకు మాత్రం నెలనెలా వస్తాడు. ఒక్కో షీటు కొనే అలవాటుంటే పదిరోజులకే వస్తాడు. ఏ మాత్ర మానేశాడో, ఏది రెండేసి వేసుకుంటున్నాడో, మోకాళ్ల నొప్పికి ఇంకో డాక్టరు ఏం రాశారో ముందుగా తెలిసేది కౌంటరు వెనకున్న ఫార్మసిస్టుకే. మందు మార్చే అధికారం డాక్టరుది. ఈ ఇద్దరి మధ్యా మాట నడవకపోతే షుగరు తగ్గదు, చీటీలో మందులు మాత్రం పెరుగుతాయి. సగం మాత్రలు కడుపులోకి వెళ్లడమే లేదని తెలియని డాక్టరు రిపోర్టు చూసి ఇంకో మాత్ర కలుపుతారు. అది కూడా సగమే పడుతుంది.

బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు షాపు నడిపే తెలుగు ఫార్మసిస్టులను దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు మీ షాపుకు రెండు ఊళ్ల చీటీలు తెస్తారు. అనంతపురం డాక్టరు రాసిందొకటి, ఇక్కడి డాక్టరు రాసింది మరొకటి. ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో వెల్లడించిన లెక్క ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉంది. వాళ్లలో ఎక్కువమందికి స్పెషలిస్టు దొరకరు. పక్కవీధి ఎంబీబీఎస్ డాక్టరే దిక్కు. అందుకే పని అక్కడినుంచే మొదలవ్వాలి.

గీత ఎక్కడుందో ముందు తెలుసుకోండి

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో డాక్టరూ ఫార్మసిస్టూ రాతపూర్వక ఒప్పందం చేసుకుంటే, దాని పరిధిలో ఫార్మసిస్టు డోసు మార్చవచ్చు. నార్త్ కరోలినాలోని ఆష్‌విల్ నగరంలో షుగరున్న మున్సిపల్ ఉద్యోగులకు ఫార్మసిస్టులు సాయపడే పద్ధతిగా 1996లో మొదలైన పనే ఈ రంగంలో అందరూ ఉదహరించేది. మన దగ్గర ఫార్మసిస్టుకు ఆ అధికారం లేదు. షుగరు మాత్రలు చీటీ లేకుండా ఇవ్వకూడదు. డ్రగ్స్ రూల్స్‌లోని 65వ నిబంధన ప్రకారం చీటీలో రాసిన దానికి బదులు మరొకటి, అందులో అదే మందు ఉన్నా సరే, మీ అంతట మీరు ఇవ్వకూడదు.

అయినా మీకు మిగిలిన పని తక్కువేం కాదు. మందు ఎలా వాడాలో చెప్పడం, రికార్డు చూడటం, తేడా కనిపిస్తే డాక్టరును సంప్రదించడం 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ ప్రకారం మీ విధులే. కాబట్టి ఒక సూత్రం పెట్టుకోండి: గమనించేది, లెక్కగట్టేది, అడిగేది మీరు, మార్చేది డాక్టరు.

డాక్టరుతో మొదటి మాట

ఒక్క డాక్టరుతో మొదలుపెట్టండి. ఓపీ అయిపోయే వేళకు వెళ్లి పదిహేను నిమిషాలు అడగండి. "మీ పేషెంట్లకు సలహాలిస్తాం" అంటే ఏ డాక్టరుకైనా చిరాకు వస్తుంది. "మీ పేషెంట్లు మందులు ఏ మేరకు వాడుతున్నారో నెలనెలా మీకు తెలియజేస్తాం, మార్పు మీరే చెప్పండి" అంటే వింటారు. ఒక తెల్లకాగితం తీసుకెళ్లి ఈ కింది సంగతులు ఆయన చేతనే రాయించుకోండి.

ఏ సంగతికి అప్పటికప్పుడు ఫోను చేయాలి? సాధారణంగా ఇవి ఉండాలి: 70 కంటే తక్కువ రీడింగు, ముఖ్యంగా 54 లోపు, 300 పైన వరుసగా రెండుసార్లు, షుగరు మనిషికి వాంతులు, ఆయాసం, కాలికి పుండు లేదా నల్లబడ్డ వేలు, ఉన్నట్టుండి చూపు మసకబారడం, గర్భిణికి షుగరు, ఇన్సులిన్ డోసులో పొరపాటు. స్పృహ తప్పితే, ఛాతీ నొప్పి ఉంటే డాక్టరు కోసం ఆగకండి, 108కి చేయించండి.

ఏది సాయంత్రం లోపు మెసేజ్ పెడితే చాలు, ఏది తర్వాతి విజిట్‌కు చీటీ మీద రాస్తే చాలు? ఫోను ఏ వేళల్లో చేయవచ్చు, ఎత్తకపోతే ఎవరికి చేయాలి? రాసిన బ్రాండు దొరకనప్పుడు ఫోనులో ఒప్పుకుంటారా? ఒప్పుకుంటే ఆ మాట చీటీ మీద తేదీతో ఎవరు రాస్తారు?

ఇంకొకటి, మొదటి రోజే తేల్చేయాల్సింది: కమీషన్ ఉండదు. ఒకరి దగ్గరికి మరొకరు పేషెంట్లను పంపినందుకు డబ్బు ఇచ్చిపుచ్చుకోవడం డాక్టర్ల 2002 నాటి నైతిక నియమాలకే విరుద్ధం. అంతకంటే పెద్ద నష్టం ఏమిటంటే, మీ షాపులో ఎక్కువ అమ్ముడైతే మీకు లాభం అని డాక్టరుకు ఒక్కసారి అనుమానం వస్తే మీరు రాసే ప్రతి కాగితాన్నీ ఆ కంటితోనే చూస్తారు. రోగికి కూడా చెప్పండి, మందులు ఎక్కడైనా కొనుక్కోవచ్చని.

మొదటి నెల పది పదిహేను మందికి మించి తీసుకోకండి. ఇన్సులిన్ వాడేవాళ్లు, అరవై అయిదు దాటి గ్లిమిపిరైడ్ (షుగరు మరీ పడిపోయేలా చేయగల మాత్ర) వేసుకునేవాళ్లు, ఇద్దరు డాక్టర్ల చీటీలున్నవాళ్లు, కిడ్నీ రిపోర్టు బాగాలేనివాళ్లు ముందు. ఒక్కొక్కరి దగ్గరా "నా మందుల వివరాలు డాక్టరుకు చెప్పవచ్చు" అని సంతకం తీసుకోండి. అడక్కుండా కోడలికీ కొడుక్కీ చెప్పేయకండి.

మందుల సంచి

"ఏయే మందులు వేసుకుంటున్నారు?" అని అడిగితే సగమే చెబుతారు. "పెద్దమ్మా, ఇంట్లో ఉన్న షీట్లన్నీ ఒక సంచిలో వేసుకుని రండి. ఊరినుంచి తెచ్చినవీ, ఫ్రిజ్‌లోవీ, పొడులూ, కషాయాలూ, నొప్పి మాత్రలూ అన్నీ" అనండి. మధ్యాహ్నం మూడు గంటలకు రమ్మంటే కౌంటరు ఖాళీగా ఉంటుంది, ఇరవై నిమిషాలు సరిపోతాయి.

సంచి ఒలికించి ప్రతి షీటుకూ బ్రాండు పేరు పక్కన మందు పేరు, మిల్లీగ్రాములు, రోజుకు ఎన్ని, ఎవరు రాశారు, ఎన్ని మిగిలాయి అన్నవి రాయండి. మందు పేరు రాయడమే ఇక్కడ అసలు పని. గ్లైకోమెట్ జీపీ, అమరిల్ ఎమ్, జోరిల్ ఎమ్, జెమర్ పేర్లు వేరు, రంగులు వేరు, లోపల మాత్రం అదే గ్లిమిపిరైడ్, అదే మెట్‌ఫార్మిన్. ఊరి డాక్టరు ఒక బ్రాండు 2 ఉదయం, రాత్రి రాశారు. ఇక్కడి డాక్టరు ఆ షీటు చూడకుండా ఇంకో బ్రాండు 2 ఉదయం, రాత్రి రాశారు. రెండూ వేసుకుంటే రోజుకు గ్లిమిపిరైడ్ 8 మిల్లీగ్రాములు, మెట్‌ఫార్మిన్ 2000. డెబ్బై ఏళ్ల మనిషికి అర్ధరాత్రి చెమటలు పట్టి తూలిపడటానికి అది చాలు. నమ్మ క్లినిక్‌లో ఉచితంగా ఇచ్చిన మెట్‌ఫార్మిన్, జన్ ఔషధి షాపులో కొన్న మందు కూడా ఇలాగే రెండోసారి పడుతుంటాయి. అక్కడి షీటు మీద మందు పేరే ఉంటుంది, ఇంట్లో డబ్బా మీద బ్రాండు పేరు ఉంటుంది, రోగికి అవి రెండు వేర్వేరు మందులు.

కత్తిరించిన షీట్లు ఇంకో చిక్కు. పేరు, ఎక్స్‌పైరీ ఉన్న వైపే కత్తిరించి పారేస్తారు. మీరు ముక్క అమ్మాల్సి వస్తే ఆ రెండూ రోగి చేతిలోని ముక్క మీద ఉండేలా కత్తిరించండి, లేదా కవరు మీద రాయండి.

సంచిలో ఇవి కనబడితే పక్కన గుర్తు పెట్టండి. నొప్పులకు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి: బీపీకి టెల్మిసార్టన్ లాంటిదీ, నీరు పోయే మాత్రా వాడేవాళ్లకు ఈ మూడూ కలిస్తే కిడ్నీకి దెబ్బ. ప్రెడ్నిసొలోన్, లేదా కీలులో వేసిన స్టెరాయిడ్ ఇంజెక్షన్: షుగరు ఎందుకు పెరిగిందో డాక్టరుకు అర్థం కాకపోవడానికి ఇదొక పెద్ద కారణం. కో-ట్రైమోక్సజోల్, ఫ్లూకొనజోల్, లీవోఫ్లాక్ససిన్: గ్లిమిపిరైడ్‌తో కలిస్తే షుగరు పడిపోవచ్చు. పేరులేని పొడి పొట్లాలు: లోపల ఏముందో రాసి ఉండదు, అలాంటి కొన్నిట్లో స్టెరాయిడ్లు, షుగరు మందులు కలిపి ఉన్నట్టు పరీక్షల్లో బయటపడిన సందర్భాలున్నాయి. "అది విషం, పారేయండి" అని గద్దించకండి. అలా అంటే మళ్లీ మీకు చూపించరు. డాక్టరు కాగితం మీద రాసి పంపండి.

రీఫిల్ లెక్క

ఇది మీరు తప్ప ఎవరూ చేయలేని లెక్క. ఇచ్చిన మాత్రలు ఎన్ని రోజులకు సరిపోవాలో, నిజంగా ఎన్ని రోజులకు వచ్చారో చూడండి. రోజుకు రెండు మాత్రల చొప్పున 30 మాత్రలు ఇస్తే 15 రోజులకు అయిపోవాలి. మనిషి 24వ రోజు వచ్చాడంటే 48 పడాల్సిన చోట 30 పడ్డాయి, అంటే 62 శాతం. 80 శాతం కంటే తక్కువైతే డాక్టరుకు రాయండి. ఇంకో షాపులో కొన్నారేమో, ఊరికి వెళ్లొచ్చారేమో అడిగాకే సుమా.

ఇన్సులిన్‌కు ఈ లెక్క ఇంకా ఖచ్చితంగా వస్తుంది. 10 మి.లీ. వయల్, మి.లీ.కి 40 యూనిట్లు, మొత్తం 400 యూనిట్లు. ఉదయం 20, రాత్రి 12 అయితే రోజుకు 32. వయల్ 12 రోజులకు అయిపోవాలి. 25 రోజులకు వచ్చాడంటే సగమే వేసుకుంటున్నాడు, లేదా సిరంజి తప్పు. పెన్ను కార్ట్రిడ్జ్ 3 మి.లీ., 100 చొప్పున 300 యూనిట్లు. ప్రతిసారీ గాలి తీయడానికి పోయే 2 యూనిట్లు కూడా కలిపితే అదే మనిషికి రోజుకు 36, కార్ట్రిడ్జ్ ఎనిమిది రోజులు. "నెలకు రెండు కార్ట్రిడ్జ్‌లు చాలు" అని తీసుకెళ్తుంటే ఆగి అడగండి.

ముందే వచ్చేవాళ్లను కూడా చూడండి. నెలకు ఇచ్చినవి ఇరవై రోజులకే అయిపోతే చాలాసార్లు ఇంట్లో భార్యో భర్తో అవే మాత్రలు పంచుకుంటున్నారని అర్థం.

అడిగే పద్ధతిని బట్టే జవాబు ఉంటుంది. "సరిగ్గా వేసుకుంటున్నారా?" అంటే "వేసుకుంటున్నా సార్" అంటారు. "పోయిన వారంలో ఎన్నిపూటలు తప్పిపోయింది?" అనండి. తప్పడం మామూలే అన్నట్టు అడిగితే నిజం చెబుతారు. కారణం కూడా రాయండి, ఎందుకంటే డాక్టరు చేయాల్సింది దాన్నిబట్టే మారుతుంది. కడుపు ఉబ్బరం, విరేచనాలైతే మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్ (మెల్లగా విడుదలయ్యే) రూపంలోకి మారిస్తే, తిన్నాక వేసుకుంటే చాలామందికి తగ్గుతుంది. మధ్యాహ్నం డ్యూటీలో ఉంటే రోజుకు ఒక్కపూట మందు ఉందేమో ఆలోచిస్తారు. డబ్బు సమస్య అయితే మీకు తెలిసిన ధరలు డాక్టరుకు చెప్పండి. చాలామంది డాక్టర్లకు కౌంటరు ధరలు తెలియవు. విల్డాగ్లిప్టిన్ పేటెంటు 2019లో, డాపాగ్లిఫ్లోజిన్‌ది 2020లో, సిటాగ్లిప్టిన్‌ది 2022లో, ఎంపాగ్లిఫ్లోజిన్‌ది 2025లో తీరిపోయాయి. ఇప్పుడు అవే మందులు చాలా తక్కువకు దొరుకుతున్నాయి. పాత చీటీలో ఖరీదైన బ్రాండు అలాగే నడుస్తుంటే ఒక్క ప్రశ్నతో కుటుంబానికి ఊరట దొరుకుతుంది.

అంకెలు నమ్మేముందు

రోగి చూపించే అంకెను అలాగే డాక్టరుకు పంపకండి. చేతులు సబ్బుతో కడుక్కున్నారా? మామిడిపండు ఒలిచిన వేలితో చేస్తే అంకె ఎగిరిపోతుంది. స్ట్రిప్పుల డబ్బా మూత బిగించి ఉందా, ఎక్స్‌పైరీ దాటిందా? తిన్నాక రెండు గంటలు అంటే మొదటి ముద్ద నోట్లో పెట్టిన దగ్గరనుంచి, చేయి కడుక్కున్న దగ్గరనుంచి కాదు. పరగడుపు అంటే ఎనిమిది గంటలు, కాఫీ కూడా లేకుండా. పరగడుపు పరీక్షకు వెళ్తూ ముందురోజు రాత్రి మందు మానేయడం కూడా చాలామందికి అలవాటు.

డాక్టరు వేరేలా చెప్పకపోతే సాధారణ లక్ష్యాలు ఇవి: పరగడుపున 80 నుంచి 130, తిన్న రెండు గంటలకు 180 లోపు, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) 7 లోపు. పెద్దవయసువాళ్లకు, తరచూ షుగరు పడిపోయేవాళ్లకు 8 లోపు ఉన్నా చాలునంటారు. హెచ్‌బీఏ1సీ 7 అంటే సగటున 154, 8 అంటే 183, 9 అంటే 212. ఇంటి పుస్తకంలో పరగడుపున 120 అని రాసుకుంటూ రిపోర్టులో 9 వస్తే ఎక్కడో అతకడం లేదు. తిన్నాక ఎప్పుడూ చూడటం లేదా, మీటరు పాడైందా, రక్తం తక్కువగా ఉందా? ఇనుము లోపం ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఇది మన ఆడవాళ్లలో మామూలు సంగతి, కాబట్టి హిమోగ్లోబిన్ ఎంతో కూడా కాగితం మీద రాయండి.

ఇన్సులిన్: ఇక్కడ తొందరపడకండి

మిగతా ఏది వదిలేసినా ఇది వదలకండి. మన దేశంలో వయల్స్‌లో ఎక్కువగా మి.లీ.కి 40 యూనిట్లు, పెన్నుల్లో 100 యూనిట్లు. 40 సిరంజికి ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ మూత. వయల్ 40ది, సిరంజి 100ది అయితే రోగికి అందేది రాసినదానిలో రెండున్నర వంతుల్లో ఒక్క వంతు. తిరగబడితే ప్రాణం మీదికి వస్తుంది: పెన్ను పాడైందని కార్ట్రిడ్జ్ లోంచి 40 సిరంజితో 20 గీత దాకా లాగితే అందులో 20 కాదు, 50 యూనిట్లు ఉంటాయి. అందుకే వయల్ ఇచ్చిన ప్రతిసారీ సిరంజి పక్కన పెట్టి రెండు అంకెలూ రోగికి చూపించండి. కార్ట్రిడ్జ్ కొని సిరంజి అడిగినవాళ్లను ఎందుకని అడక్కుండా పంపకండి.

ఆ తర్వాత సూది వేసుకోవడం మీ ముందే చేసి చూపించమనండి, నీళ్ల సిరంజితోనో ఖాళీ పెన్నుతోనో. తెల్లగా పాలలా ఉండే ప్రీమిక్స్‌ను (రెండు రకాలు కలిపిన ఇన్సులిన్‌ను) అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు పైకీ కిందికీ తిప్పాలి, గట్టిగా కుదపకూడదు. పెన్ను అయితే 2 యూనిట్లు గాల్లోకి వదిలి చుక్క చూడాలి. 4 మి.మీ. సూది నేరుగా గుచ్చి, బటను నొక్కాక పది అంకెలు లెక్కపెట్టి తీయాలి. 30/70 హ్యూమన్ ఇన్సులిన్ భోజనానికి అరగంట ముందు. పొట్ట మీద వేళ్లతో తడిమి చూసుకోమనండి: ఒకేచోట గుచ్చి గుచ్చి గడ్డలా మెత్తగా ఉబ్బితే ఆ చోట ఇన్సులిన్ సరిగ్గా ఎక్కదు. గడ్డ మానేసి కొత్తచోట గుచ్చితే అదే డోసు ఎక్కువగా పనిచేసి షుగరు పడిపోవచ్చు. కాబట్టి చోటు మార్చమని చెప్పే రోజే డాక్టరుకు మెసేజ్ పెట్టండి.

తెరవని ఇన్సులిన్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఫ్రీజరు పక్కన కాదు. గడ్డకట్టినది కరిగినా పారేయాల్సిందే. వాడుతున్నది బయట నాలుగు వారాలు ఉండవచ్చు. తెరిచిన తేదీ మీరే మార్కరుతో రాయించండి. బెంగళూరు చలిలో బయట ఉంచినది మే నెల అనంతపురంలో ఉంచకూడదు. ఊళ్లో ఫ్రిజ్ లేకపోతే మూత గట్టి డబ్బాలో పెట్టి నీళ్లున్న మట్టికుండలో దించమనండి. రాత్రి బస్సులో ఇన్సులిన్ డిక్కీలో పడేయకుండా చేతిసంచిలో పెట్టుకోవాలి, ఐసుకు నేరుగా తగలకూడదు.

డాక్టరుకు రాసే కాగితం

నాలుగు ముక్కలు చాలు: ఎవరు, ఏం కనబడింది, ఎందుకు ఆలోచించాలి, ఏం అడుగుతున్నారు. చివరిది అవును, కాదు అని జవాబు చెప్పగలిగే ప్రశ్న అవ్వాలి. "దయచేసి పరిశీలించగలరు" అని ముగించిన కాగితం అలాగే పడి ఉంటుంది. డాక్టరుకు ఇంగ్లీషే సులువైతే ఇంగ్లీషులోనే రాయండి. పద్ధతి ఇలా ఉంటుంది:

"డాక్టర్ గారికి. 68 ఏళ్ల పురుషుడు, మీ చీటీ ఈ నెల 4వ తారీఖుది. గ్లిమిపిరైడ్ 2, మెట్‌ఫార్మిన్ 500 కలిసిన మాత్రలు రెండు బ్రాండ్లలో, రోజుకు నాలుగు వేసుకుంటున్నారు. ఒకటి మీరు రాసింది, ఇంకొకటి ఊరి డాక్టరు రాసింది. ఈ వారంలో రెండుసార్లు తెల్లవారుజామున చెమటలు, ఒక రీడింగు 62. క్రియాటినిన్ రిపోర్టు ఏడాది పాతది. ప్రశ్న: ఊరి బ్రాండు ఆపమని చెప్పమంటారా? కొత్త క్రియాటినిన్ రాస్తారా?"

ఇలాంటిది మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు, ఫోను చేయండి. 62 అన్న అంకె అప్పటికప్పుడు చెప్పాల్సిన జాబితాలో ఉంది.

కిడ్నీ అంకె ఎప్పుడూ అడిగి రాయండి. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత బాగా వడకడుతోందో చెప్పే అంకె) 30 లోపు ఉంటే మెట్‌ఫార్మిన్ ఇవ్వకూడదు. 30 నుంచి 45 మధ్య కొత్తగా మొదలుపెట్టరు, ఇప్పటికే వాడుతుంటే డోసు సగానికి తగ్గించే విషయం ఆలోచిస్తారు. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ డోసులు కూడా కిడ్నీని బట్టి తగ్గుతాయి, లినాగ్లిప్టిన్‌కు తగ్గించక్కర్లేదు. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతూ అరికాళ్లు తిమ్మిరంటే విటమిన్ బీ12 తగ్గిందేమో చూశారా అని అడగండి. శాకాహారుల్లో ఇది ఇంకా ఎక్కువ. నరాల మాత్ర కలిపేముందు ఆ పరీక్ష చేయించడం మంచిది.

డాక్టరు జవాబు ఫోనులో చెబితే తేదీ, సమయం వేసి రికార్డులో రాసుకోండి, మార్పును చీటీ మీద రాయించమని రోగిని పంపండి. పాత షీట్లు ఇంట్లో ఉంటే మళ్లీ మొదటికే వస్తుంది. ఆపిన మందు సంచిలోంచి తీయించి విడిగా కట్టించండి. ఏడో రోజు ఫోను చేసి కొత్త మందు మొదలైందా, ఏమైనా ఇబ్బందా అడగండి. కొత్త మందు మానేసేవాళ్లు చాలామంది మొదట్లోనే మానేస్తారు.

కొత్త మందు చేతికిచ్చేటప్పుడు

అన్నీ చెప్పబోతే ఏదీ గుర్తుండదు. ఒక్కో మందుకు ఒకటి రెండు మాటలు. గ్లిమిపిరైడ్: టిఫిన్‌కు కొంచెం ముందు, టిఫిన్ లేకపోతే మాత్ర వేసుకునేముందు ఫోను చేయాలి. మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్: నమలకూడదు, నూరకూడదు, కొన్ని బ్రాండ్ల ఖాళీ తొక్క విరేచనంలో కనబడితే భయపడక్కర్లేదు. వోగ్లిబోస్: మొదటి ముద్దతో. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్: మూత్రం ఎక్కువ పోతుంది, నీళ్లు తాగాలి, మర్మాంగాల దగ్గర దురద వస్తే సిగ్గుపడకుండా చెప్పాలి, ఆపరేషన్ ఉంటే కనీసం మూడు రోజుల ముందు ఆపాల్సి ఉంటుంది కాబట్టి సర్జన్‌కు చెప్పాలి, వాంతులు, ఆయాసం వస్తే షుగరు మామూలుగా ఉన్నా ఆసుపత్రికి వెళ్లాలి. పయోగ్లిటజోన్: కాళ్ల వాపు, ఆయాసం వస్తే వెంటనే చెప్పాలి.

షుగరు పడిపోయినప్పుడు ఏం చేయాలో ఇంట్లో మరొకరికి కూడా నేర్పండి. వణుకు, చెమట, తిక్కమాటలు. మీటరులో 70 లోపు. మూడు చెంచాల గ్లూకోజు పొడి నీళ్లలో కలిపి తాగించి పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి, ఇంకా 70 లోపే ఉంటే ఇంకోసారి, ఆపైన ఏదైనా తినాలి. వోగ్లిబోస్, అకార్బోస్ వాడేవాళ్లకు పంచదార త్వరగా ఎక్కదు, ఎందుకంటే ఆ మందులు పంచదార విడిపోవడాన్నే ఆపుతాయి. వాళ్ల ఇంట్లో గ్లూకోజు పొడి తప్పనిసరి. చాక్లెట్ వద్దు, కొవ్వు వల్ల ఆలస్యమవుతుంది. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏమీ పోయకూడదు. గ్లిమిపిరైడ్ వల్ల పడిపోయిన షుగరు ఒకసారి లేచినా కొన్ని గంటల తర్వాత మళ్లీ పడిపోవచ్చు, కాబట్టి "తేరుకున్నాడు" అని ఊరుకోకుండా డాక్టరుకు చెప్పాలి.

మందుల కవరు మీద కన్నడం, ఇంగ్లీషు ఉంటాయి. చదువుకున్నవాళ్లకు తెలుగులో రాయండి, చదువు రానివాళ్లకు ఉదయానికి సూర్యుడు, రాత్రికి చంద్రుడు గీయండి. చెప్పాక "ఇంటికెళ్లి కోడలికి ఎలా చెబుతారో నాకు చెప్పండి" అనండి. అక్కడే తేడా బయటపడుతుంది.

జ్వరం, ఉపవాసం, ప్రయాణం

ఇవి ఎప్పుడొస్తాయో తెలుసు కాబట్టి ముందే డాక్టరు చేత ఒక కాగితం రాయించుకోవచ్చు. వాంతులు, విరేచనాలై నీరు తగ్గినప్పుడు మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ రకం మందులు, కొన్ని బీపీ మాత్రలు తాత్కాలికంగా ఆపాల్సి రావచ్చు. ఎవరికి ఏది ఆపాలి, తిరిగి ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది రోగి పేరు మీద డాక్టరు సంతకంతో ఉండాలి. ఇన్సులిన్ మాత్రం తిండి తగ్గినా పూర్తిగా మానకూడదు. డోసు కోసం ఫోను చేయాలి. శివరాత్రి, ఏకాదశి, రంజాన్‌కు రెండు వారాల ముందే "ఉపవాసం ఉంటున్నారా?" అని అడిగితే గ్లిమిపిరైడ్, ఇన్సులిన్ వేళలు, డోసులు డాక్టరు ముందే సర్దుతారు. ఆ రోజు ఉదయం అడిగితే ఆలస్యమైపోతుంది.

ఊరికి తిరిగి వెళ్లే పెద్దవాళ్లకు ఒక్క పేజీ చేతికివ్వండి: మందు పేర్లు బ్రాండ్లతో సహా, మిల్లీగ్రాములు, ఏది ఎందుకు ఎప్పుడు ఆపారో, చివరి హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్, కంటి పరీక్ష, పాదాల పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష జరిగిన తేదీలు. అక్కడి డాక్టరుకు చూపించాకే కొత్త మందు రాయించుకోమని చెప్పండి. అదే పేజీ ఫొటో మీ దగ్గర ఉంచుకోండి. నెల చివర్లో డాక్టరుతో కూర్చునే అరగంటలో ముందుగా తీయాల్సినవి మూడు జాబితాలు: రీఫిల్ 80 శాతం దాటనివాళ్లు, ఆ నెలలో ఒక్కసారైనా 70 లోపు పడిపోయినవాళ్లు, ఏడాదిగా కిడ్నీ, కళ్ల పరీక్ష జరగనివాళ్లు. ఒక్కొక్క పేరు ఎదురుగా ఎవరు ఏం చేస్తారో, ఏ తేదీలోగానో రాసుకుని లేవండి.